రీపర్: పాట ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి బతికించుకున్నాక

కంప్యూటర్‌లో పాటలు రికార్డ్ చేసి, కత్తిరించి, కలిపి మిక్స్ చేసుకునే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ట్రాక్ ఎలా కలపాలి, రికార్డ్ ఎక్కడ నొక్కాలి లాంటివి నేర్పే వీడియోలు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి, వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒక్క సంగతి: ఈ సాఫ్ట్‌వేర్ మన పాటను ఎలా దాచుతుందనేది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరూ దీని గురించి అడగరు. సౌండ్లు ఎన్ని ఇస్తారు, బీట్లు ఉన్నాయా, ఫ్రీగా వస్తుందా అనే అడుగుతారు. ఇవాళ చేసిన పాట ఇంకో రెండేళ్లకు, ఇంకో లాప్‌టాప్‌లో తెరుచుకుంటుందా అని ముందు అడగాలి.

నేను ఇంట్లో రికార్డ్ చేసేది ఎక్కువగా గొంతు, హార్మోనియం. మా పిన్ని సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమెతో మంగళహారతులు పాడించాను. అవి ఏ పుస్తకంలోనూ చూసినవి కావు, వాళ్ల అత్తగారి నోట విని నేర్చుకున్నవి. మా వీధిలో ఉండే మాస్టారు హార్మోనియం పట్టారు. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, కుక్కర్ విజిల్ వచ్చిన ప్రతిసారీ ఆగి, మొత్తానికి పని పూర్తయింది. గొంతు కాస్త గుడి మంటపంలో పాడినట్టు మోగాలని ఒక ఉచిత రివర్బ్ ప్లగిన్ వేశాను, అంటే గొంతుకు ఆ మోత కలిపే, రీపర్‌లోకి విడిగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్. దాని పేరు ఇక్కడ అనవసరం.

ఆ తర్వాత లాప్‌టాప్ మార్చాను. పాటలన్నీ కొత్తదానిలోకి ఎక్కించుకుని, ప్లగిన్లు మళ్లీ వేసుకుని, హారతుల ప్రాజెక్ట్ తెరిచాను. ట్రాకులు ఒక్కొక్కటిగా కనిపించాయి, సగం దాకా వచ్చి రీపర్ విండో మొత్తం మాయమైంది. మళ్లీ తెరిచాను, మళ్లీ అంతే. మనం సేవ్ చేసినప్పుడల్లా రీపర్ పాత కాపీని పక్కనే బ్యాకప్‌గా ఉంచుతుంది. అది తెరిచినా అదే తంతు, ఎందుకంటే గొడవ చేస్తున్న ప్లగిన్ అందులోనూ ఉంది. పిన్ని ఊరెళ్లిపోయింది, మాస్టారు దొరకడమే కష్టం. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

రీపర్ ప్రాజెక్ట్ ఫైల్ ఉత్త టెక్స్ట్ అని ఎక్కడో చదివిన గుర్తు. ముందు ఆ ఫైల్‌కి కాపీ తీసి, కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. తెరుచుకుంది! ట్రాక్ అని ఒక వరుస, దాని కింద నేను పెట్టిన పేరు 'పిన్ని గొంతు'. ఇంకొంచెం కిందికి పోతే వాల్యూమ్ అంకె, ప్రతి ముక్క ఎన్నో సెకనులో మొదలవుతుందో ఆ అంకె, అది ఏ వేవ్ ఫైల్ (రికార్డ్ చేసిన శబ్దం ఉండే ఫైల్) నుంచి వచ్చిందో ఆ పేరు. నేను రోజుల తరబడి కూర్చుని కత్తిరించి అతికించినదంతా కంటికి ఎదురుగా అక్షరాల్లో ఉంది. ఆ రివర్బ్ ప్లగిన్ పేరు కూడా దొరికింది. దాని కింద అర్థం కాని అక్షరాలు కొన్ని వరుసలు, అది ప్లగిన్ తన సెట్టింగులను దాచుకునే పద్ధతి. ముందొక బ్రాకెట్, చివర ఒక బ్రాకెట్. రెంటి మధ్య ఉన్నది బ్రాకెట్లతో సహా చెరిపేసి, సేవ్ చేసి, రీపర్‌లో తెరిచాను. ప్రాజెక్ట్ మొత్తం వచ్చింది. రివర్బ్ పోయిందంతే, పిన్ని గొంతు పొడిగా, శుభ్రంగా, ఊపిరి తీసుకున్న చప్పుడుతో సహా వినిపించింది.

అప్పటి నుంచి నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద ఉన్నది అభిమానం కన్నా ఎక్కువే. విన్‌ఆంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ చేశాడు. కంప్యూటర్‌లో పాటలు వినడం విన్‌ఆంప్‌తోనే అలవాటైన నా వయసువాళ్లకు ఆ మాట వింటేనే సంతోషం. మన పనికి తాళం వేసి తన దగ్గర ఉంచుకోకుండా, మన చేతిలోనే పెట్టే పద్ధతి ఇందులో కనిపిస్తుంది.

అయితే కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇలాంటి ఆపద వస్తే నోట్‌ప్యాడ్ దాకా వెళ్లక్కర్లేదు. ప్రాజెక్ట్ తెరిచే డైలాగ్ బాక్స్‌లోనే రివర్బ్ లాంటి ఎఫెక్టు ప్లగిన్లన్నీ ఆఫ్‌లో ఉంచి తెరిచే రికవరీ మోడ్ ఉంది. టిక్ పెట్టి తెరవడం, ఆ ప్లగిన్ తీసేయడం, అంతే పని. కాకపోతే ఆ టిక్ అక్కడుందని కొత్తవాడికి ఎవరు చెబుతారు? మెనూలు తెరిస్తే ఇంటి పైకప్పు దాకా వరుసలు, అందులో ఏది ఎక్కడుందో పట్టుకోవడానికే నెలలు పడుతుంది. ఇంకొకటి, ప్రాజెక్ట్ ఫైల్‌లో పాట ఉండదు, పాటను ఎలా పేర్చాలన్న వివరమే ఉంటుంది. వేవ్ ఫైళ్లు పోతే ఆ టెక్స్ట్ ఎందుకూ కొరగాదు. సేవ్ యాజ్ చేసేటప్పుడు మీడియా మొత్తాన్ని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేయమనే టిక్ ఉంటుంది, అది పెట్టుకోండి. పాట పూర్తయ్యాక ప్రతి ట్రాక్‌నూ ఎఫెక్టులతో కలిపి విడి వేవ్‌గా కూడా తీసి దాచుతున్నాను. పోగొట్టుకోకూడని పాటలకు రీపర్‌తో పాటే వచ్చే రీవర్బేట్ తప్ప బయటి రివర్బ్ వాడటం మానేశాను.

పాడేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఆలస్యంగా వినిపిస్తుందని చాలామంది మొదటి వారమే వదిలేస్తారు. బఫర్ సైజు చూడండి, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతలో ఎంత ముక్కగా తీసుకుంటుందనేది. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 శాంపిల్స్ అంటే ఒక్క బఫర్‌కే 21 మిల్లీసెకన్లు, 256 అయితే 5 చిల్లర. రికార్డింగ్‌కి తగ్గించి, మిక్సింగ్‌కి పెంచుకుంటే సరిపోతుంది. ఏడు లెక్కల మిశ్రచాపు తాళం పాటకు టైమ్ సిగ్నేచర్ (తాళం లెక్క) 7/8 పెడితే, తాళం వేసే క్లిక్ చప్పుడు కూడా ఏడుకే తిరుగుతుంది, మాస్టారికి అది బాగా నచ్చింది.

లోటు మాత్రం సౌండ్ల దగ్గర ఉంది. తబలా, మృదంగం, తంబురా ఏవీ రావు, వచ్చే సింథ్ (కంప్యూటర్‌తో స్వరాలు పుట్టించే వాయిద్యం) పేరుకే. బీట్లు కట్టాలని ఉబలాటపడే కుర్రాళ్లకు ఇది మొదటి వారంలోనే విసుగు పుట్టిస్తుంది, వాళ్లకు ఎఫ్ఎల్ స్టూడియో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నయం. అయితే దాని ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్ట్‌ను కొనేదాకా మళ్లీ తెరవలేరు, అది తెలిసే దిగండి. మ్యాక్ ఉన్నవాళ్లకు ఇలాంటిదే గ్యారేజ్‌బ్యాండ్ అనే సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంది. రీపర్ అయితే 60 రోజులు ఏ కోతా లేకుండా వాడుకోవచ్చు, ఆ తర్వాత సొంతానికి 60 డాలర్లు. 7వ వెర్షన్‌లో ఇప్పుడు కొంటే 8వ వెర్షన్ అయిపోయేదాకా చెల్లుతుంది.

నేను పాడేవాళ్లను రికార్డ్ చేసేవాణ్ణి, నా ప్రాజెక్టుల్లో పది ట్రాకులు దాటడమే అరుదు, పాత పాటలు మళ్లీ తెరవాల్సిన పని తరచూ పడుతుంది. మీ పని కూడా ఇలాంటిదైతే రీపర్ తీసుకోండి. స్టేజి మీద లైవ్‌గా వాయించడానికి, సినిమా నేపథ్య సంగీతానికి ఎలా ఉంటుందో వాటిని చేసేవాళ్లను అడగడం మంచిది.