జైల్లో అంటురోగం వస్తే తరగతులు ఆపాలా, నడపాలా? ఏ పద్ధతి మేలు?

2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు నెల్లూరులోనే బయటపడింది. ఆ నెల 23న సుప్రీంకోర్టు జైళ్లలో రద్దీ తగ్గించడానికి ప్రతి రాష్ట్రంలో ఉన్నతస్థాయి కమిటీ వేయమంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఉన్నవాళ్లను మధ్యంతర బెయిలు మీదో పెరోలు మీదో వదిలే సంగతి ఆ కమిటీలు చూడాలంది. అలా కొందరు బయటికి వచ్చారు. లోపల మిగిలినవాళ్లకు మాత్రం ములాఖత్ (ఇంటివాళ్లు వచ్చి చూసిపోవడం) ఆగింది, చదువు చెప్పేవాళ్లు ఆగారు, కుట్టుపని నేర్పే మాస్టారు ఆగాడు, చట్టం చెప్పే వాలంటీరు ఆగాడు. మళ్లీ అలాంటి గాలిరోగం వస్తే చెముడుగుంట కేంద్ర కారాగారంలోనైనా, ఒంగోలు జిల్లా జైల్లోనైనా, రెండు మూడు గదుల సబ్‌జైల్లోనైనా ఏది ఆపాలో ఏది నడపాలో ఆ రోజు కూర్చుని ఆలోచిస్తే కుదరదు. ఇప్పుడే తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు ఒక లెక్క సరిచేసుకుందాం. సాయంత్రం లాకప్ వేసినప్పటి నుంచి పొద్దున తీసేదాకా ఒకే బ్యారక్‌లో పక్కపక్కన పడుకునే 20 మంది, పగలు గంటసేపు కలిసి కూర్చుని ఎక్కాలు చదివితే కొత్తగా వచ్చిపడే ప్రమాదం దాదాపు ఏమీ లేదు. 2020లో రైతుబజార్ల ముందు సున్నంతో గుండ్రాలు గీశారు గదా, అవి ఒకళ్లకొకళ్లు తెలియని జనం కోసం. రాత్రంతా భుజానికి భుజం ఆనించి నిద్రపోయినవాళ్లను పొద్దున తరగతిలో ఆరడుగుల దూరం కూర్చోబెడితే ఫోటోకి బాగుంటుందేమోగానీ రోగం ఆగదు. గీత గీయాల్సింది మనిషికీ మనిషికీ మధ్య కాదు, బ్యారక్‌కీ బ్యారక్‌కీ మధ్య. రోగం లోపలికి వచ్చే దారులు మూడు: రోజూ ఇంటికి వెళ్లి వచ్చే మనిషి, రెండు బ్యారక్‌ల మధ్య తిరిగే మనిషి, కొత్తగా వచ్చిన రిమాండు ఖైదీ. ఏ పద్ధతి మేలో చూసేటప్పుడు ఈ మూడు దారుల్లో అది దేన్ని తెరుస్తోందో అడిగితే చాలు.

అన్నీ మూసేయడం

అధికారికి ఇదే సులువు. సంతకం పెట్టి గేటుకి అంటిస్తే అయిపోతుంది. కానీ వార్డర్లు షిఫ్టు మారుతూనే ఉంటారు, బియ్యం లారీ వస్తూనే ఉంటుంది, రిమాండ్లు వస్తూనే ఉంటాయి. రోగం వచ్చే దారులు తెరిచే ఉండి, చదువు వచ్చే దారి ఒక్కటే మూతపడుతుంది. పైగా పనీపాటా లేని బ్యారక్‌లో పుకార్లు, తగాదాలు పెరుగుతాయి. తొలి పాజిటివ్ కేసు బయటపడినప్పుడు ఎవరు ఎవరితో కలిశారో లెక్క తీసేందుకు మూడు నాలుగు రోజులు మూసేయడం సబబే. అంతకు మించి నెలల తరబడి మూసి ఉంచడం మా లెక్కలో అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

బయటి మాస్టారు, లోపలి మాస్టారు

నెల్లూరు నుంచి బస్సులోనో ఆటోలోనో వచ్చే శిక్షకుడు ఉదయం ఒక బ్యారక్‌కి, తర్వాత ఇంకో బ్యారక్‌కి, మధ్యాహ్నం కుట్టు షెడ్డుకి వెళ్తాడు. పాఠం ఎంత బాగా చెప్పినా మూడు దారుల్లో రెండు ఆయన ఒక్కడే తెరుస్తున్నాడు. గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మామీటరు తుపాకీ మీద ఎక్కువ భరోసా వద్దు. ఎండలో నడిచొచ్చిన మనిషి నుదురు కాలిపోతుంటుంది, అంకె తప్పు చూపిస్తుంది. పది నిమిషాలు నీడలో కూర్చోబెట్టి చూడాలి. అప్పటికీ చాలదు, ఎందుకంటే కరోనా సోకినవాడు జ్వరం రాకముందు రెండు రోజుల నుంచే రోగం అంటించగలడు. బయటి మాస్టారిని రానివ్వాలంటే షరతులు ఇవి: ఒక మాస్టారికి ఒకే బ్యారక్, పాఠం ఆరుబయటే, గంటకి మించకుండా, బిగుతుగా ఉండే మాస్కు. మాస్కు చెమటకి తడిసిందంటే సరిగా పని చెయ్యదు. మన ఉక్కపోతలో గంటకే తడుస్తుంది కాబట్టి జేబులో రెండోది ఉండాలి.

అదే బ్యారక్‌లో చదువుకున్న ఖైదీయే మాస్టారైతే ఈ బాధేమీ లేదు. ఆయన ఆ 20 మందితోనే తిని, వాళ్లతోనే నిద్రపోతాడు. ఏ దారీ తెరుచుకోదు. మేము ముందు పెట్టేది ఈ పద్ధతినే. దీనికీ తిప్పలు లేకపోలేదు. మన దేశంలో జైల్లో ఉన్నవాళ్లలో నూటికి 70 మందికి పైగా విచారణ ఖైదీలు. ఇవాళ అక్షరాలు దిద్దించినవాడు రేపు బెయిలు మీద వెళ్లిపోతాడు. పాఠం అక్కడే ఆగుతుంది. అందుకని బ్యారక్‌కి ఒక్కరు కాదు, ఇద్దరు ఉండాలి. వీలైతే ఒకరు శిక్షపడినవాడు, ఒకరు రిమాండు. ఇంకోటి, మాస్టారనే పేరు రాగానే కొందరు బీడీలు, బిస్కెట్ ప్యాకెట్లు గుంజడం మొదలెడతారు. హాజరు పట్టీ వాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఎవరు వచ్చారో హెడ్ వార్డరే రాసుకోవాలి.

కాగితమా, తెరా, మైకా?

లోపలి మాస్టారికి ఆసరా కావాలి, ఆ ఆసరా కాగితం. వారానికి ఒక కట్ట: పన్నెండు కాగితాలు రెండువైపులా అచ్చు, పెద్ద అక్షరాలు, ఒక గీతల నోటుబుక్కు, ఒక పెన్ను. స్టేపుల్ పిన్ను కొట్టొద్దు, తనిఖీలో ఊడబీకుతారు. దారంతో కుట్టాలి. శనివారం జవాబులు కవర్లో వెనక్కి వస్తాయి, ఒకరోజు పక్కన పెట్టి సోమవారం దిద్దుతారు. వైరస్ అట్ట మీద 24 గంటలు, ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా నిలబడిందని 2020లో పరీక్షల్లో తేలింది కాబట్టి కాగితానికి ఒక్క రోజు చాలు. పుస్తకాల మీద బ్లీచింగ్ నీళ్లు చల్లడం శుద్ధ దండగ, రోగం ముఖ్యంగా గాలిలో వస్తుందేగానీ పేజీల్లో కాదు. చల్లితే అట్టలు పోతాయి, అంతే. కట్టలతో అసలు చిక్కు వేరే ఉంది. దిద్దిన కాగితం వారం లోపల తిరిగి రాకపోతే మూడో వారానికి ఎవరూ రాయరు. చదవడం రానివాడికైతే కట్ట ఒక్కటే ఇస్తే ఏ ఉపయోగమూ లేదు, పక్కన చదివి చెప్పే మనిషి ఉండాలి.

వీడియో పాఠాలు కాగితం మీద పథకం రాసేటప్పుడు బ్రహ్మాండంగా కనిపిస్తాయి. జైలుకి ఒకటో రెండో తెరలు, వాటి ముందుకి నాలుగు బ్యారక్‌ల వాళ్లను తీసుకొచ్చారంటే మీరు కాపాడుకున్న గీత ఆ గదిలోనే చెరిగిపోతుంది. తుపాను గాలికి కరెంటు పోతే పాఠమూ పోతుంది. తెరను ములాఖత్‌కీ, కోర్టుకీ, వకీలుకీ వదిలిపెట్టడం మేలు. ఈ-ములాఖత్ (ఇంటివాళ్లతో వీడియోలో మాట్లాడించడం) మంచి ఏర్పాటేగానీ స్మార్టుఫోను లేని అమ్మానాన్నలకు మామూలు ఫోన్ కాల్ వదలకుండా ఉంచాలి.

మైకు చవకైనది, జైల్లో ఇప్పటికే ఉన్నదే. ఆరోగ్యం సంగతులు, రేపటి క్యాంటీన్ వేళలు, కోర్టుల వార్తలు, సాయంత్రం అరగంట కథో పాటో. హర్యానాలో పానిపట్ జైల్లో 2021 జనవరిలో ఖైదీల గొంతులతో నడిచే రేడియో మొదలైంది. మన జైళ్లలో అంత హంగు అక్కర్లేదు. గొంతు బాగున్న ఇద్దరు, ముందే చదివి ఆమోదించిన ఒక పేజీ, రోజూ ఒకే వేళ. వేళ తప్పకపోవడమే ముఖ్యం. మైకు ఒకవైపే మాట్లాడుతుంది కాబట్టి బ్యారక్‌కి ఒక ప్రశ్నల డబ్బా పెట్టి మర్నాడు జవాబు చెప్పాలి.

ఏ పనికి ఏది

న్యాయ సహాయం ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది మనిషిని బయటికి పంపే పని, బయటికి పంపడమే రద్దీకి మందు. 1987 న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. కేసును బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. లాక్‌డౌన్ అయినా ఆ గడువు పెరగదని 2020 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పనికి మనిషి రావక్కర్లేదు, ఒక పట్టిక చాలు: పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, రిమాండైన తేదీ, 60వ రోజు, 90వ రోజు. బ్యారక్‌లో శిక్షణ పొందిన శిక్షాఖైదీ వాలంటీరు దాన్ని వారానికోసారి నింపితే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలు ఫోన్లో చూసుకుంటాడు. వకీలుతో మాట పక్కవాళ్లకు వినపడకూడదు. స్పీకరు పెట్టి వార్డరు పక్కన నిలబడితే ఎవరూ నిజం చెప్పరు. ఇయర్‌ఫోను బ్యారక్‌కి ఒకటి విడిగా ఉంచుకుని సబ్బునీళ్లు తడిపిన గుడ్డతో తుడవాలి.

కుట్టుపని, వడ్రంగం బ్యారక్‌లో చెప్పే పాఠాలు కావు, షెడ్డు కావాలి. ఒక్కో బ్యారక్‌కి ఒక్కో రోజు ఇవ్వండి, ఒకే రోజు రెండు బ్యారక్‌లు వద్దు. కత్తెర, టేపు, మిషను చక్రం సబ్బునీళ్లతో తుడిస్తే చాలు. బ్లీచింగ్ ఇనుముకి తుప్పు పట్టిస్తుంది.

యోగా, భజన, ప్రార్థన విషయంలో ఒక తేడా చూడాలి. నోరు మూసుకుని చేసే ఆసనం వేరు, గొంతెత్తి పాడే భజన వేరు. గట్టిగా పాడినప్పుడు నోటి నుంచి వచ్చే తుంపర మామూలు మాటకంటే చాలా ఎక్కువ. భజన చెట్టు కింద, బ్యారక్ వారీగానే.

గాలి, వాన, సబ్బు

ఆరుబయట మేలు అనడం తేలిక. నెల్లూరులో మే నెలలో పదిగంటలు దాటాక ఆరుబయట కూర్చోబెడితే వడదెబ్బ. పాఠం ఆరున్నరకి మొదలెట్టి తొమ్మిదికల్లా ముగించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనం, ఎక్కువ వానలు అప్పుడే. ఆ మూడు నెలలూ తరగతి లోపలే, కాబట్టి గాలి లెక్క అప్పుడే కావాలి.

నమూనా జైలు మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో మనిషికి 3.71 చదరపు మీటర్ల చోటు, 15.83 ఘనపు మీటర్ల గాలి ఉండాలి. 20 మందికి దాదాపు 317 ఘనపు మీటర్లు. గంటకి ఐదుసార్లు గాలి మారాలంటే 1,600 ఘనపు మీటర్లు బయటికి తొయ్యాలి. ఎగ్జాస్టు ఫ్యాను డబ్బా మీద రాసిన అంకె చూసి కొనేటప్పుడు జాలీకీ దుమ్ముకీ కొంత పోతుందని గుర్తుంచుకుని ఒకటికి రెండు పెట్టాలి. సీలింగు ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది, మార్చదు. ఫ్యాను కొనేముందు వార్డరు చేతిలో ఒక అగరబత్తి వెలిగించి గ్రిల్లు కిటికీ దగ్గర పట్టుకుంటే చాలా సంగతి తెలుస్తుంది. పొగ చకచకా బయటికి పోతే ఆ వైపు బాగుంది. నిట్టనిలువునా లేచి పైకప్పు కింద తెరలా పరుచుకుంటే అక్కడ గాలి చచ్చిపోయింది. ఎక్కువ చోట్ల ఇలా కావడానికి కారణం వానజల్లు పడకుండా గ్రిల్లుకి బిగించి కట్టిన టార్పాలిన్. దాన్ని విప్పి, పైఅంచు గోడకి, కిందిఅంచు అడుగున్నర దూరంగా, చూరు వాలినట్టు కడితే జల్లు ఆగుతుంది, గాలి ఆడుతుంది.

చేతులకి శానిటైజరా, సబ్బా? జైలుకి సబ్బే. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. బయట స్వేచ్ఛగా తిరిగేవాళ్లకే అలా జరిగింది. మద్యానికి అలవాటుపడి కొత్తగా రిమాండుకి వచ్చినవాడి పక్కన ఐదు లీటర్ల డబ్బా పెట్టకూడదు. ప్రతి కుళాయికి వలసంచిలో సబ్బు వేసి కట్టండి, జారిపోదు, పోదు. నేలకి, తలుపు గడియలకి పది లీటర్ల బకెట్టు నీళ్లలో 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. మూత తీసిన డబ్బా తేమకి సత్తువ పోగొట్టుకుంటుంది, కోస్తాలో ఇంకా తొందరగా. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిపారా, విషవాయువు లేస్తుంది.

జ్వరం దాచకుండా ఉండాలంటే

జ్వరం వచ్చిందని చెప్పినవాణ్ని ఒంటరి గదిలో వేసి, టీవీ లేక, క్యాంటీన్ లేక, ఇంటికి ఫోన్ లేక పద్నాలుగు రోజులు ఉంచితే రెండోవాడు చెప్పడు. పారాసిటమాల్ బిళ్ల సంపాదించి మింగి పొద్దున లెక్కకి నిలబడతాడు, థర్మామీటరు అంకె మామూలుగానే వస్తుంది, బ్యారక్ మొత్తానికి అంటుకుంటుంది. శిక్షగదీ జబ్బుగదీ ఒకటే కాకూడదు. జబ్బుగదిలో మొదటి రోజే చదువు కట్ట, ఇంటికి ఫోన్, అదే క్యాంటీన్, రోజుకి రెండుసార్లు ఆక్సీమీటరు. ఆక్సిజన్ అంకె 94 కంటే తగ్గితే డాక్టరు దగ్గరికి.

కొత్తగా వచ్చినవాళ్ల క్వారంటైన్ బ్యారక్‌లో ఎక్కువగా జరిగే తప్పు ఇది. పదో రోజున ఉన్న గుంపులోకి ఇవాళ వచ్చిన కొత్త మనిషిని కలుపుతారు. అప్పుడు అందరికీ లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే. మూడు రోజుల్లో వచ్చిన రిమాండ్లను ఒక గుంపుగా చేసి తలుపు మూసి, ఆ తర్వాత వచ్చినవాళ్లకు వేరే గది చూడాలి. వచ్చిన రోజు టెస్టు నెగెటివ్ అని వదిలెయ్యొద్దు, సోకిన మూడు నాలుగు రోజుల దాకా పరీక్షకి దొరక్కపోవచ్చు.

రెండు మూడు గదుల సబ్‌జైల్లో ఇలా గుంపులు విడదీయడం కుదరదు. అక్కడ వీడియో పాఠమో బయటి మాస్టారో అని తర్కించే ముందు, రెండు మూడు సబ్‌జైళ్లు కలిసి ఒకదాన్ని కొత్తవాళ్లకే కేటాయించుకోవాలి. పద్నాలుగు రోజులు అక్కడ గడిపాకే మిగతా వాటికి పంపాలి. ఆ పద్నాలుగు రోజుల్లోనే చదవడం వచ్చినవాళ్లెవరో, రానివాళ్లెవరో చూసి పేర్లు రాసి పంపితే, అవతలి బ్యారక్‌లో మాస్టారు ఎవరో వాళ్లు అడుగుపెట్టకముందే తెలిసిపోతుంది.