పొగాకు మాన్పించే 1800-11-2356: పిల్లల స్పీచ్ థెరపీ వైపు నుంచి ఒక సమీక్ష

సిగరెట్ పెట్టె మీద, ఖైనీ పొట్లం మీద భయంకరమైన బొమ్మ పక్కనే ఒక నంబరు ఉంటుంది. 2018 సెప్టెంబరు నుంచి కంపెనీలు దాన్ని అచ్చు వేసి తీరాలి. అది జాతీయ పొగాకు క్విట్‌లైన్, అంటే పొగాకు మానాలనుకునేవాళ్లకు ఫోన్‌లో సాయం చేసే సేవ. 2016లో ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ కూడా చేరడంతో తెలుగులోనూ మాట్లాడుతున్నారు. ఫోన్ ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, సోమవారం సెలవు.

మాటలు ఆలస్యమైన పిల్లలతో పనిచేసేవాళ్లు ఈ సేవను శ్రద్ధగా చూడాలి. స్పీచ్ థెరపీ అంటే వారానికి ఒకటో రెండో సెషన్లు, ఒక్కోటి ముప్పావు గంట. మిగతా వారమంతా పిల్లవాడు ఇంట్లోనే ఉంటాడు. థెరపీ నిలబడేదీ జారిపోయేదీ అక్కడే, పొగాకు మానడం లాగే.

ముందుగా ఆ నంబరు ఉన్న చోటు మెచ్చుకోవాలి. పొట్లం మీదకు చెయ్యి వెళ్లే క్షణంలోనే కంటబడుతుంది. మన నంబరేమో క్లినిక్ బోర్డు మీద ఉంటుంది, అంటే అప్పటికే వచ్చినవాళ్లకే కనిపిస్తుంది. అది టీకా కార్డు మీద, అంగన్‌వాడీలో బరువు తూచే చోట ఉండాలి. పక్కనే రెండు ముక్కలు చాలు: ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు 'అమ్మ దా' లాగా రెండు మాటలు కలపకపోయినా చూపించండి, ముందు వినికిడి పరీక్ష చేయించండి. 'మగపిల్లాడు కదా, వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి' అనే మాట మీద ఎన్ని నెలలు పోతాయో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

ఈ సేవకు అసలు బలం తిరిగి ఫోన్ చేయడం. ఫోన్ చేసినవాళ్ల చేత పొగాకు మానే తేదీని కౌన్సెలర్ ఖాయం చేయిస్తారు, ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు. పొగాకు మాన్పించేవాళ్లు నేర్చుకునే ఐదు మెట్లున్నాయి: వాడతారా అని అడగడం, మానమని చెప్పడం, సిద్ధంగా ఉన్నారా చూడడం, సాయం చేయడం, మళ్లీ కలిసే ఏర్పాటు చేయడం. థెరపీలో ఎగిరిపోయేది ఐదోది. ఇంట్లో చేయాల్సిన సాధన రాసిన కాగితం చేతికిచ్చి పంపుతాం. వారం తర్వాత 'చేశారా?' అంటే 'ఆ, చేశామండీ' అంటారు. దాంతో ఏమీ తెలియదు. మూడో రోజున మూడు నిమిషాల ఫోన్ చేసి, 'నిన్న స్నానం దగ్గర ఏ మాట పట్టుకున్నారు?' అని అడిగితే తెలుస్తుంది.

స్నానం అని ఊరికే అనలేదు. బీడీ ఎప్పుడు గుర్తొస్తుంది, టీ తాగాకా, బస్సు దిగాకా అని కౌన్సెలర్ అడుగుతారు. అలవాటు ఏదో ఒక పనికి అంటుకుని ఉంటుంది కాబట్టి. సాధననూ అలాగే రోజూ తప్పని పనికి కట్టాలి. చెంబు ఎత్తి పట్టుకుని 'నీళ్లు' అని ఒక్కసారి అనాలి. మనసులో ఐదు లెక్కపెట్టాలి. పిల్లవాడు 'నీ' అన్నా, మొహంలోకి చూసినా పోసేయాలి, పోస్తూ మళ్లీ 'నీళ్లు' అనాలి. ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. పనంతా చెడేది 'చెప్పు, చెప్పు' అని వెంటబడినప్పుడూ, ఏడ్చేదాకా నీళ్లు పోయనప్పుడూ.

ఒక బీడీ కాల్చినంత మాత్రాన మానడం చెడిపోయిందని కౌన్సెలర్లు అనరు, ఏ సందర్భంలో జారారో కనుక్కుంటారు. పదంలో చక్కగా పలికిన 'ర' గబగబా మాట్లాడేటప్పుడు 'ల' అయిపోతే మనమూ అదే అడగాలి.

తీసుకోకూడనిది భయపెట్టడం. పెట్టె మీద 85 శాతం జాగాలో హెచ్చరిక ఉండడం సబబే, అది ఒకరు అమ్ముతున్న సరుకు. తల్లి ముందు ఆ పద్ధతి తేవద్దు. రెండేళ్లలోపు ఫోన్, టీవీ లాంటి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మనమూ చెప్పాలి. కానీ 'మీరు ఫోన్ ఇవ్వబట్టే' అన్నామంటే, ఫోన్ ఎన్ని గంటలు చూపిస్తున్నారో రేపటి నుంచి దాస్తారు. పైగా తప్పంతా ఫోన్ మీద వేసేస్తే వినికిడి లోపమో ఆటిజమో మరుగున పడుతుంది.

ఫోన్ సేవకు పరిమితులు ఉన్నాయి. తెలియని నంబరు నుంచి వచ్చే ఫోన్ చాలామంది ఎత్తరు, కాబట్టి ఏ నంబరు నుంచి, ఏ వేళకు చేస్తామో ముందే చెప్పి పేరుతో సేవ్ చేయించాలి. పొగాకు మాన్పించడానికి గొంతు చాలు. మనకు మాత్రం పిల్లవాడి పెదవులు, తల్లి చెయ్యి కనబడాలి. అందుకని ఫోన్‌కు ముందు రోజు స్నానం వేళ తీసిన అర నిమిషం వీడియో అడగండి. పిల్లవాడి ఒంటిమీద బట్ట ఉంచే తీయమనండి, చెంబూ మొహమూ కనబడితే సరిపోతుంది.