స్టేషన్ దగ్గర, పొయ్యి ఉన్న గది: న్యూజెర్సీలో మా హోటల్ వెతుకులాట

మావారికి న్యూయార్క్ నగరంలోని మాన్‌హాటన్‌లో ప్రాజెక్టు వచ్చింది. మేం బస వెతికింది పక్క రాష్ట్రం న్యూజెర్సీలో. ఎన్నాళ్ళుంటుందో తెలియని పనికి ఏడాది లీజు మీద అపార్ట్‌మెంట్ తీసుకోలేం. అత్తయ్యగారు మాతోనే ఉన్నారు, ఆవిడకి షుగర్, బయటి తిండి పడదు. అందుకని రెండే షరతులు పెట్టుకున్నాం. గదిలో రోజూ వంట చేసుకోగలగాలి, మాన్‌హాటన్‌లోని న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి వెళ్ళే రైలు నడిచి వెళ్ళి ఎక్కగలగాలి. అమెరికాలో ఇలాంటి బసకి ఎక్స్‌టెండెడ్ స్టే హోటళ్ళని ప్రత్యేకంగా ఉన్నాయి. జాక్ డీబోయర్ అనే అపార్ట్‌మెంట్ బిల్డర్ 1975లో కాన్సస్‌లోని విచిటాలో రెసిడెన్స్ ఇన్ మొదలుపెట్టాడు, 1987లో దాన్ని మారియట్ కొనేసింది. ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద హోటల్ సంస్థకీ ఈ తరహా బ్రాండు ఒకటో రెండో ఉన్నాయి. కాబట్టి హోటళ్ళకి కొదవ లేదు. "స్టేషన్ దగ్గర", "కిచెన్ ఉంది" అనే రెండు మాటల వెనక అసలు ఏముందో తేల్చుకోవడమే పెద్ద పని.

మొదట స్టేషన్ సంగతి. మేం ప్రిన్స్‌టన్ జంక్షన్, మెట్రోపార్క్ రెండూ చూశాం. రెండూ నార్త్‌ఈస్ట్ కారిడార్ అనే రైలు మార్గం మీదివే, రెండింటి నుంచీ న్యూజెర్సీ ట్రాన్సిట్ రైళ్ళు పెన్ స్టేషన్‌కి పోతాయి. ప్రిన్స్‌టన్ వైపు హోటళ్ళు ఎక్కువగా రూట్ 1 వెంట ఉన్నాయి. మ్యాప్‌లో స్టేషన్‌కి దూరం చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. కానీ రూట్ 1 అంటే కార్లు దూసుకుపోయే హైవే. చాలా చోట్ల ఫుట్‌పాత్ ఉండదు, ఉన్నా మధ్యలో ఆగిపోతుంది. చలికాలం సాయంత్రం అయిదింటికే చీకటి పడ్డాక లాప్‌టాప్ బ్యాగుతో ఆ రోడ్డు పక్కన ఎవరూ నడవకూడదు. అందుకే దూరం అంకె చూసి గది తీసుకోవద్దు. మ్యాప్‌లో నడక దారి పెట్టి, వీధి ఫొటోల్లో ఆ దారంతా ఒకసారి చూసుకోండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోతోందో, సిగ్నల్ దగ్గర నడిచేవాళ్ళకి దారి ఉందో లేదో అందులోనే కనిపిస్తుంది.

స్టేషన్‌కి దింపే షటిల్ బండి ఉందని హోటల్ వాళ్ళు చెబితే రెండు ప్రశ్నలు అడగండి. పొద్దున ఎన్నింటికి మొదలవుతుంది, సాయంత్రం స్టేషన్ నుంచి తిరిగి తీసుకొస్తుందా? మేం ఉన్న ఒక హోటల్లో షటిల్ నడిపేది ఫ్రంట్ డెస్క్‌లో ఉన్న ఒక్క మనిషే. చెకిన్‌కి ఎవరైనా వస్తే బండి కదిలేది కాదు. ఆ కుర్రాడు మర్యాదస్తుడే, ఏర్పాటే బాగాలేదు. రైలు మిస్సవుతామేమోనని రోజూ టెన్షన్. అత్తయ్యగారైతే మావారు బయటికి అడుగు పెట్టగానే "బండి వచ్చిందా నాన్నా?" అని కిటికీలోంచి అడిగేవారు.

మేం చివరికి మెట్రోపార్క్ వైపు మొగ్గడానికి ప్రయాణ సమయం ఒక కారణం. ప్రిన్స్‌టన్ జంక్షన్ కంటే ఇది న్యూయార్క్‌కి బాగా దగ్గర. రెండో కారణం ఓక్‌ట్రీ రోడ్. ఎడిసన్, ఐసెలిన్ మీదుగా పోయే ఆ రోడ్డులో మన పప్పులూ, బియ్యాలూ, కరివేపాకూ, గోంగూరా అన్నీ దొరుకుతాయి. స్టేషన్ నుంచి కారులో కొద్ది నిమిషాలే. గదిలో కిచెన్ పెట్టుకుని సరుకుల కోసం గంట ప్రయాణం చేయాల్సి వస్తే ఇక ఆ కిచెన్ ఎందుకు?

రైలు చప్పుడు గురించి కూడా చెప్పాలి. స్టేషన్ పక్కన హోటల్ అనగానే అందరూ అడిగేది అదే. రైలు కదిలే శబ్దానికి కొన్నాళ్ళకి అలవాటు పడతాం, నిద్ర చెడగొట్టేది హారన్. అమెరికాలో రోడ్డూ పట్టాలూ ఒకే మట్టంలో కలిసే చోట, అంటే మన రైల్వే గేటు లాంటి చోట, ఇంజిన్ అక్కడికి చేరడానికి 15 నుంచి 20 సెకన్ల ముందు నుంచే హారన్ మోగించాలని ఫెడరల్ నిబంధన. రెండు పొడవు, ఒకటి పొట్టి, మళ్ళీ ఒకటి పొడవు. ఇంజిన్‌కి 100 అడుగుల ముందు అది కనీసం 96 డెసిబెల్స్ ఉండాలి, 110 దాటకూడదు. అర్ధరాత్రి అయినా ఇదే పద్ధతి. క్వైట్ జోన్‌గా గుర్తింపు పొందిన చోట్ల మాత్రమే మామూలుగా మోగించరు. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ దాకా నార్త్‌ఈస్ట్ కారిడార్ మీద అలాంటి గేట్లు ఒక్కటీ లేవు, రోడ్లన్నీ పట్టాల పైనుంచో కిందనుంచో పోతాయి. న్యూజెర్సీలోనే వేరే లైన్ల మీదున్న గ్లెన్ రాక్ లాంటి ఊళ్ళలో మాత్రం రోడ్లు అదే మట్టంలో పట్టాలని దాటుతాయి. కాబట్టి హోటల్ నుంచి స్టేషన్ ఎంత దూరమో చూసినట్టే, దగ్గర్లో గేటు ఉందేమో కూడా చూడండి. పట్టాల వైపు కాకుండా అవతలి వైపు, పై అంతస్తులో గది అడిగితే మామూలుగా కాదనరు.

ఇక పొయ్యి. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. వెబ్‌సైట్లో "ఫుల్ కిచెన్" అని రాస్తారు, ఫొటోలో పెద్ద ఫ్రిజ్, మైక్రోవేవ్, డిష్‌వాషర్ కనిపిస్తాయి. పొయ్యి ఏ రకమో ఎక్కడా ఉండదు. ఇది బ్రాండుని బట్టి మారుతుంది. హోమ్‌వుడ్ సూట్స్‌లో సాధారణంగా రెండు బర్నర్లు కౌంటర్‌లోనే అమర్చి ఉంటాయి. హోమ్2 సూట్స్‌లో చాలా చోట్ల పొయ్యి గదిలో ఉండదు, అడిగితే ఇండక్షన్ బర్నర్ తెచ్చిస్తారు. ఎక్స్‌టెండెడ్ స్టే అమెరికాలో గిన్నెలూ గరిటెలూ ఫ్రంట్ డెస్క్‌లో అడిగి తెచ్చుకోవాలి. ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, అడుగున అయస్కాంతం అతుక్కునే గిన్నెలే కావాలి. ఇండియా నుంచి 230 వోల్టుల మిక్సీ తెచ్చుకున్నా వృథాయే, ఇక్కడ కరెంటు 120 వోల్టులు.

కాయిల్ పొయ్యిలో, అంటే కరెంటుతో ఎర్రగా కాలే చుట్ట ఉన్న పొయ్యిలో, ఇంకో తిరకాసు ఉంది. మొదటి వారం అత్తయ్యగారు దోసెల పెనం పెట్టారు. కాయిల్ ఎర్రగా కాలింది, మొదటి దోసె బాగానే వచ్చింది. రెండోది పోసేసరికి ఎరుపు మాయమైంది. దోసె తెల్లగా, మెత్తగా పెనానికి అంటుకుపోయింది. కాసేపటికి కాయిల్ మళ్ళీ దానంతటదే ఎర్రబడింది. "పొయ్యి పాడైనట్టుంది అమ్మాయీ, చూడమని చెప్పు" అన్నారావిడ. మెయింటెనెన్స్ అతను వచ్చి చూసి పాడవలేదని చెప్పాడు. 2018 నుంచి అమెరికాలో కొత్తగా తయారయ్యే కాయిల్ పొయ్యిలకి, నూనె మంటల ప్రమాదం తగ్గించడానికి, వేడి హద్దు దాటకుండా చూసే ఏర్పాటు ఉంటోంది. కాయిల్ మధ్యలో ఉన్న సెన్సర్ గిన్నె అడుగుకి ఆనుకుని ఉంటుంది, వేడి ఎక్కువైతే కరెంటు ఆపేస్తుంది. గుండ్రటి అడుగున్న మూకుడు పెడితే సెన్సర్‌కి సరిగ్గా ఆనదు, ఇంకా తొందరగా ఆగిపోతుంది. అడుగు చదునుగా, మందంగా ఉన్న పెనం కొని, మొదటి నుంచీ మధ్యస్థం వేడి మీదే ఉంచితే దోసెలు వరసగా వచ్చాయి.

పోపు పెట్టేటప్పుడు పొగ సంగతి కూడా గుర్తుంచుకోండి. పొయ్యి మీద ఉండే హుడ్ చాలా గదుల్లో పొగని బయటికి పంపదు, ఫిల్టర్ మీదుగా మళ్ళీ గదిలోకే వదులుతుంది. స్మోక్ అలారం నాలుగడుగుల దూరంలో ఉంటే ఎండుమిర్చి వేగకముందే మోగుతుంది. కొందరు దానికి ప్లాస్టిక్ కవరు కడతారు. దయచేసి ఆ పని చేయకండి, పైనా పక్కనా కూడా కుటుంబాలు నిద్రపోతుంటాయి. తెరుచుకునే కిటికీ ఉన్న గది అడగండి. పోపు చిన్న గిన్నెలో, తక్కువ వేడి మీద వేయండి.

ఉచిత బ్రేక్‌ఫాస్ట్‌కీ, స్విమ్మింగ్ పూల్‌కీ నేను పెద్ద విలువ ఇవ్వను. వారం తిరిగేసరికి బ్రేక్‌ఫాస్ట్ మొహం మొత్తుతుంది. వాషింగ్ మెషీన్ మాత్రం ఎప్పుడూ పనికొస్తుంది. క్యాండిల్‌వుడ్ సూట్స్‌లో దానికి డబ్బులు తీసుకోరు, నెలల తరబడి ఉండేవాళ్ళకి అది నిజమైన ఆదా.

డబ్బు విషయంలో అందరూ గది రేటే చూస్తారు, పన్ను చూడరు. న్యూజెర్సీలో గది మీద 6.625 శాతం సేల్స్ టాక్స్, చాలా ఊళ్ళలో దానికి తోడు 5 శాతం రాష్ట్ర ఆక్యుపెన్సీ ఫీజు (హోటల్ గదిలో ఉన్నందుకు వేసేది), ఆపైన 3 శాతం దాకా మున్సిపాలిటీది. ఏకబిగిన 90 రోజులు ఉండేవాళ్ళకే మినహాయింపు. డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలోకి వెళ్తే ఆ గడువు 30 రోజులే. మావారి పని ఫిలడెల్ఫియాకి మారాక మేం నది అవతల, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల రైళ్ళు నడిపే సెప్టా వాళ్ళ ట్రెంటన్ లైన్ మీద ఉన్న కార్న్‌వెల్స్ హైట్స్ ప్రాంతానికి మారాం. ఫిలడెల్ఫియాలో పనిచేసేవాళ్ళకి నేను ఇటువైపే చెబుతాను. న్యూయార్క్ వెళ్ళాలంటే మాత్రం మామూలుగా ట్రెంటన్‌లో రైలు మారాలి, రోజూ అయితే అది కష్టమే.

ఇంకో మాట. చాలా హోటళ్ళలో 7 రాత్రులు దాటితే ఒక రేటు, 30 దాటితే ఇంకా తక్కువ రేటు ఉంటాయి. మీరు ఉండేది నెలకి కాస్త తక్కువైనా 30 రాత్రులకి మొత్తం ఎంతవుతుందో అడిగి చూడండి, ఒక్కోసారి అదే చవక. వెబ్‌సైట్లో కాకుండా హోటల్‌కే ఫోన్ చేసి సేల్స్ మేనేజర్‌తో మాట్లాడండి. పన్ను మినహాయింపు మీకు వర్తిస్తుందా, మొదటి రోజు నుంచేనా, మధ్యలో గది మారిస్తే లెక్క మళ్ళీ మొదలవుతుందా అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి.