హోప్ ఐలాండా, కోరింగా, కాకినాడ బురదమేటా: పక్షుల కోసం ఏది మేలు?

చలికాలం వచ్చిందంటే చాలు, అందరూ ఒకే ప్రశ్న వేస్తున్నారు: "గోదావరి డెల్టాలో పక్షుల్ని చూడాలంటే హోప్ ఐలాండ్‌కి పడవ మాట్లాడుకోమంటారా, కోరింగ సరిపోతుందా?" మూడో చోటు గురించి మాత్రం ఎవరూ అడగరు. అది కాకినాడలోనే ఉంది, కుంభాభిషేకం అనే చోటి దగ్గరి బురదమేట. నా ఓటు దానికే. ఎందుకో చెబుతాను.

ముందు హోప్ ఐలాండ్ సంగతి. గోదావరి మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు పేరుకుని గత రెండు వందల ఏళ్ళలో ఏర్పడిన దిబ్బ అది. తుపాన్లప్పుడు కాకినాడకి అడ్డుగోడలా నిలుస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ ఒడ్డెక్కుతాయి. పడవ ప్రయాణం బాగుంటుంది, పిల్లలకి మరీ సరదా. పక్షుల కోసమే అయితే మాత్రం వెళ్ళమని చెప్పడానికి నాకు మనసొప్పదు. కారణం పోటు.

మన తీరంలో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పాటుకి నీరు తీస్తే బురద బయటపడుతుంది. చలికాలం వలస వచ్చే ఉల్లంకి జాతులన్నీ ఆ బురదలో ముక్కు దించి పురుగుల్ని, చిన్న గవ్వల్ని ఏరుకు తింటాయి. పోటుకి బురద మునిగిపోతే తిండి ఉండదు. అప్పుడవి ఎక్కడో ఒక ఇసుక తిప్పెక్కి, మళ్ళీ నీరు తీసేదాకా గుంపుగా నిలబడి ఆగుతాయి. అది వాటికి నిద్రపోయే వేళ. పడవ తిప్పకి ఆనుకోవాలన్నా పోటే కావాలి. అంటే దీవి మీద మనం దిగేసరికి అవి కునుకు తీస్తుంటాయి. నాలుగడుగులు వేశామో లేదో గుంపంతా లేస్తుంది. ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది, నిజమే. కానీ ఆ గుంపులో గ్రేట్ నాట్ ఉండొచ్చు. సైబీరియా తూర్పు కొండల్లో గుడ్లు పెట్టి ఇంత దూరం వచ్చే పక్షి అది. అంతరించిపోయే ముప్పున్న జాతుల్లో ఒకటి. తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాల్సిన రోజుల్లో దాన్ని పదేపదే లేపితే, ఆ ఖర్చు మనం తీర్చగలిగేది కాదు.

దీవి మీద పక్షుల్ని చూడడమే తప్పని నేననను. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశంలో కజిన్ అనే చిన్న దీవి ఉంది. కొబ్బరి తోటగా ఉన్న దాన్ని 1968లో పక్షి సంరక్షణ సంస్థ ఒకటి కొని, రిజర్వుగా మార్చింది. అప్పటికి లోకంలో ముప్పై కూడా మిగలని సీషెల్స్ వార్బ్లర్ అనే పిట్ట ఈ రోజు వేలల్లో ఉంది. అక్కడికి ఎవరి పడవలో వాళ్ళు వెళ్ళి దిగడానికి లేదు. ఒడ్డుకి కాస్త దూరంలో దీవి వాళ్ళ పడవలోకి మారాలి, ఎలుకలూ తెగుళ్ళూ దీవి మీదికి రాకుండా. కాపలాదారు పక్కన లేకుండా అడుగు వెయ్యకూడదు. అలాంటి కట్టుబాటున్న దీవికి వెళ్ళడం వేరు, పులిహోర పొట్లాలతో, స్పీకర్లతో దిగే దీవికి వెళ్ళడం వేరు.

కుంభాభిషేకం దగ్గర మనం పక్షి వెంట పడక్కర్లేదు. పోటు నిండడానికి రెండు గంటల ముందు ఒడ్డున ఒక చోట కూర్చుంటే చాలు. మొదట అన్నీ దూరంగా చుక్కల్లా ఉంటాయి. నీరు ఎక్కేకొద్దీ బురద కుంచించుకుపోతుంది, పక్షులు అడుగడుగునా వెనక్కి జరుగుతూ మనవైపే వస్తాయి. ముందు పెద్ద ఉల్లంకులు, వంకర ముక్కు కర్లూలు, వాటి కాళ్ళ సందుల్లో చిన్నవి. పరుగెత్తి పొడవడం, ఆగడం, మళ్ళీ పరుగెత్తడం, అంతా బైనాక్యులర్స్ నిండా కనిపిస్తుంది. అదృష్టం బాగుంటే ఇండియన్ స్కిమ్మర్లు కూడా. నారింజ రంగు ముక్కులో కింది భాగం పై దానికంటే పొడవు. దాన్ని నీళ్ళలో దించి, అలా గీసుకుంటూ ఎగిరిపోతుంది. చేప తగిలిందంటే టక్కున ముక్కు మూసుకుంటుంది. ఈ చోటికి వాసన ఉంది, చెత్త ఉంది, టికెట్టు గది లేదు. అందుకే దీనికి చూసేవాళ్ళు కావాలంటాను. ఎవరూ చూడని బురదని పూడ్చెయ్యడం చాలా తేలిక.

కోరింగది వేరే లెక్క. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి. చెక్కల వంతెన మీద నడుస్తుంటే మడ, తిల్ల చెట్ల మధ్య నల్లతల లకుముకి కనబడొచ్చు. పగడం లాంటి ముక్కు, తెల్లని మెడ, ఊదా కలిసిన నీలం వీపు. నీటికుక్కలూ బావురుపిల్లులూ ఉండే అడవే ఇది, పగలు కనబడితే మీ పుణ్యం. పెద్దవాళ్ళూ పిల్లలూ వెంట ఉంటే, ఉన్నది ఒక్క పూటే అయితే, కళ్ళు మూసుకుని ఇక్కడికే వెళ్ళండి. వంతెన మీద పొద్దున్నే నడవండి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వద్దు.

కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల్ని దగ్గరగా చూడొచ్చు, కైకలూరు వైపు వెళ్ళేవాళ్ళకి అది చాలు. కోనసీమ లంకల్లో తోట బసలు విశ్రాంతికి మంచివి, పక్షుల కోసమని ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు.

పోటు వేళకి పంచాంగం పనికొస్తుంది. పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, అమావాస్యకి ఏ వేళకి నీరు నిండిందో పున్నమికీ దాదాపు అదే వేళకి నిండుతుంది. తిథి చెప్పి రేవులో పెద్దవాళ్ళని ఎవరినైనా అడగండి, ఠక్కున చెప్పేస్తారు. ఇంత చెప్పాక కూడా హోప్ ఐలాండ్‌కే వెళ్తానంటే, పడవ మాట్లాడుకునేటప్పుడే సరంగుతో ఒక మాట అనుకోండి: "పిట్టలున్న కొసకి వద్దు బాబాయ్, దూరంగా ఆపు, ఇంజను కట్టెయ్, పడవలోంచే చూస్తాం."