ఖోసా పూసల పట్టె, నీలం దండ, కమ్మలు: తెప్పించుకున్నాక నా మాట

మూడు వస్తువులు తెప్పించుకున్నాను. వెడల్పాటి మెడ పట్టె, నడుము దాకా వేలాడే నీలం పేటల దండ, ఒక జత కమ్మలు. దక్షిణాఫ్రికాలో తూర్పు కేప్ రాష్ట్రపు పల్లెల్లో ఖోసా అనే జాతి ఆడవాళ్లు చేసినవి. మా తమ్ముడు పెనుకొండలో కార్ల పరిశ్రమలో పని నేర్చుకుని, ఇప్పుడు అక్కడి పోర్ట్ ఎలిజబెత్‌లో (2021 నుంచి దాని పేరు గెబెర్హా) ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఒక చేతిపనుల దుకాణంలో కొని, సెలవుకు వస్తున్న తోటి ఉద్యోగి చేత పంపించాడు. మన డబ్బుల్లో పట్టె 4,200, దండ 2,600, కమ్మలు 550 పడ్డాయి.

నాకు అనంతపురం పాతూరులో మగ్గం వర్క్ షాపు ఉంది. షుగర్ బీడ్స్, కట్ బీడ్స్, ముత్యాలు పొద్దస్తమానం చేతిలో ఉండేవే. మాది గుత్తి దగ్గర సుగాలి తండా. ఒంటి మీది నగను చూసి మనిషి సంగతి చెప్పే ఇంట్లో పెరిగాను. అందుకే పనితనం గురించీ రాస్తాను, ఆ నగ ఎవరిది, ఎప్పటిది అన్న దాని గురించీ రాస్తాను. నాకు రెండోదే పెద్ద విషయం.

పట్టె అద్భుతంగా ఉంది. అడుగున బట్ట లేదు, తోలు లేదు. ఒట్టి పూసలు, దారం. సూదికి పూస ఎక్కించి, కింది వరసలోని పూసలోంచి దారం మళ్లీ లాగి, వల అల్లినట్టు అల్లుకుంటూ పోయారు. మేము మగ్గం మీద బట్ట బిగించి పూసను బట్టకు కుడతాం. చేయి కొంచెం తప్పినా బట్ట మోస్తుంది. ఇక్కడ మోసేది ఏదీ లేదు, దారం బిగువే ఆధారం. ఒక్కచోట వదులైతే అంచంతా వంకర తిరుగుతుంది. మెడ దగ్గర వరస చిన్నది, భుజాల వైపు వరస పెద్దది కాబట్టి మధ్యలో పూసలు కలుపుతూ వెడల్పు పెంచాలి. ఎక్కడెక్కడ కలిపారో షాపులోని భూతద్దం పెట్టి వెతికితే గానీ దొరకలేదు. మా కారిగర్ చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నాలుగైదు రోజులకు తక్కువ ఈ పని కాదన్నాడు. ఆ లెక్కన 4,200 ఎక్కువేమీ కాదు.

పూసలు చెక్ దేశపు గాజువని దుకాణం వాళ్లు చెప్పారట. నమ్మొచ్చు. మనకు దొరికే చవక పాకెట్లలో గుప్పెడు తీస్తే సగం ఏరి పారేయాలి, బెజ్జాలు కూడా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వీటిలో అలాంటి పూస ఒక్కటీ కనబడలేదు. తెలుపు ఎక్కువ, మధ్యలో లేత నీలం, అంచున సన్నగా నలుపు. మెడ వెనక ముత్యపు చిప్ప గుండీ. మే నెల ఎండలో పెళ్లికి వేసుకుని వెళ్లాను. చెమటకు దారం రంగు దిగలేదు, మెడ ఒరుసుకోలేదు. బరువు మాత్రం ఉంది, ముందే చెబుతున్నాను.

ఆ గుండీకి పెద్ద కథే ఉంది. 1824లో బ్రిటిష్ వాళ్లు కైస్కామా నది ఒడ్డున ఫోర్ట్ విల్‌షైర్ అనే కోట దగ్గర సంత పెట్టించారు. ఖోసా వాళ్లు ఏనుగు దంతం, తోళ్లు, చెట్టు జిగురు తెచ్చి ఇచ్చేవాళ్లు. బదులుగా గాజు పూసలు, గుండీలు, ఇత్తడి తీగ తీసుకుపోయేవాళ్లు. ఏనుగు దంతానికి గుండీలా అని నాకు కడుపు మండింది. కానీ ఆ గుండీని చొక్కాకు వాడకుండా నగగా మార్చి, తమ పెళ్లిళ్లకూ పండగలకూ చేర్చుకున్నారు చూడండి, అది ఆ ఆడవాళ్ల గొప్పతనం. గాజు రాకముందు గింజలు, ఎముక, గవ్వలు, నిప్పుకోడి గుడ్డు పెంకు పూసలు వేసుకునేవాళ్లు. తర్వాత వెనిస్ నుంచీ, ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియా నుంచీ గాజు పూసలు ఓడల్లో వచ్చాయి.

మన వాళ్లకు తెలియాల్సిన ముచ్చట ఇంకొకటి. తిరుపతికి దగ్గర్లో పాపానాయుడుపేట ఉంది కదా, కరిగిన గాజును పొడవాటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి, మళ్లీ వేడి చేసి గుండ్రంగా పూసలు చేసే ఊరు. అదే పద్ధతిలో చేసిన పూసలు సుమారు వెయ్యేళ్ల కిందటే హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరాయి. మపుంగుబ్వే అనే పాత రాజధానిలో తవ్వకాల్లో దొరికాయి. అది ఖోసా వాళ్ల నేల కాదు, ఉత్తరాన చాలా దూరం. అయినా మన వైపు కొలిమి దగ్గర చెమటోడ్చిన పద్ధతి అంత దూరం పోయి మనుషుల మెడల్లో చేరిందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇక నచ్చనిది. ప్రతి వస్తువుతో దుకాణం వాళ్లు ఒక రంగుల కార్డు పెట్టారు. తెలుపంటే పవిత్రత, పసుపంటే సంపద, ఎరుపంటే ప్రేమ, ఇలా ఒక్కో రంగుకు ఒక్క అర్థం. కింద ‘ప్రేమలేఖ’ అని ఒక వాక్యం. పూసలతో ప్రేమలేఖ పంపే ఆచారానికి పేరు పడింది ముఖ్యంగా పక్కనున్న జులూ వాళ్లది. దాన్ని తెచ్చి ఖోసా పట్టెకు అతికించడం సరికాదు. జులూ వాళ్లలో కూడా ఒక ప్రాంతపు అర్థం ఇంకో ప్రాంతంలో చెల్లదు.

మా అమ్మ జుట్టుకు కట్టుకునే ఘుగ్రి, టోప్లి అనే వెండి నగలకు ఎవరైనా ‘వెండి అంటే చల్లదనం’ అని కార్డు రాసి అమ్మితే నేను ఊరుకోను. చెంపల పక్కన ఘుగ్రి వేలాడుతుందంటే పెళ్లయిన మనిషి. తీసేసిందంటే భర్త పోయాడు. తండాలో పలక పట్టిన పిల్లకు కూడా ఇది తెలుసు. అర్థం వెండిలో లేదు, ఎవరు ఎప్పుడు పెట్టుకున్నారన్న దాంట్లో ఉంది. ఖోసా వాళ్ల దగ్గరా అంతే. పెళ్లికాని అమ్మాయి అలంకారం వేరు, కొత్తకోడలిది వేరు, పిల్లల తల్లిది వేరు, మనవలున్న పెద్దావిడది వేరు. కొత్తకోడలు తలగుడ్డ కనుబొమల దాకా దించి కట్టుకుంటుంది, అత్తింటి మగవాళ్ల పేర్లు పలకదు, ఆ పేర్లలోని అక్షరాలున్న మాటలు కూడా తప్పించి మాట్లాడుతుంది. వయసూ గౌరవమూ పెరిగే కొద్దీ తలగుడ్డ పెద్దదవుతుంది. పెళ్లీడు పిల్లలు తమకు నచ్చిన కుర్రాడికి పూసల పట్టీలు గుచ్చి ఇచ్చేవాళ్లు. వాడి ఒంటి మీది పూసలు చూస్తే వాడి మీద మనసు పడిన పిల్ల ఉందని ఊరంతటికీ తెలిసిపోయేది. దైవజ్ఞులు తెల్ల పూసలు ఎక్కువగా వేసుకుంటారు, ఎందుకంటే చనిపోయిన పెద్దలకూ బతికున్నవాళ్లకూ మధ్య నిలబడి మాట్లాడేది వాళ్లే. ఖోసా భాషే మాట్లాడే పోండో వాళ్ల దగ్గర లేత నీలం, తెలుపు కలిసి కనబడతాయి. ఒకే తెలుపు, మనిషిని బట్టి మాట మారుతుంది. దీన్ని కార్డులో ఎలా ఇరికిస్తారు?

మతం మారినప్పుడు కూడా ముందు పూసలే పోయాయి. చర్చికీ బడికీ వెళ్లినవాళ్లు వాటిని వదిలేశారు, ఎర్రమట్టి పూసుకుని పాత పద్ధతిలో ఉన్నవాళ్లు నిలబెట్టుకున్నారు. ఒకే ఊళ్లో రెండు వర్గాలు, తేడా ఒంటి మీదే కనిపించేది. ఒంటి మీది వేషమే మనిషి ఎటువైపో చెబుతుంది కాబట్టే 1962లో ప్రిటోరియా కోర్టులో విచారణకు నెల్సన్ మండేలా కోటు వేసుకోకుండా చిరుతపులి చర్మం కప్పుకుని వచ్చాడు. అంతకుముందు అజ్ఞాతంలో ఉన్నప్పుడు మెడలో వెడల్పాటి పూసల పట్టెతో ఎలీ వైన్‌బర్గ్ చేత తీయించుకున్న ఫొటో కూడా ఉంది. ఆయన థెంబు రాచకుటుంబం మనిషి, థెంబులు ఖోసా భాష మాట్లాడేవాళ్లు. నల్లకోట్ల మధ్య ఆ చర్మంతో నిలబడ్డాక ఆయన నోరు తెరవకముందే సగం వాదన అయిపోయి ఉంటుంది.

నీలం దండ గురించి. పొడవాటి పేటలు చాలా కలిపి కట్టినది, శుభకార్యాలకు వేసుకునేది. పని పట్టె అంత కష్టమైనది కాదు, కానీ పేటలు ఒకదానికొకటి చిక్కుపడకుండా రెండు చోట్ల అడ్డంగా పూసల పట్టీ వేసి పట్టారు. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. మా అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒకటే అడిగింది: “మొగుడు పోయినోళ్లు దీన్ని కూడా తీసేయాల్నా?” నాన్న పోయినప్పుడు ఆమె ఘుగ్రి తీసేసింది. తమ్ముడికి ఫోన్ చేసి, తెలిసిన పెద్దావిడను అడిగి చెప్పమన్నాను. అక్కడ భార్య నల్ల బట్టలు కట్టుకుని దుఃఖం పాటిస్తుంది, చాలా చోట్ల ఏడాది దాకా. గడువు అయ్యాక ఇంటివాళ్లంతా కలిసి ఆ బట్టలు తీయించి, మళ్లీ మామూలు బట్టలు కట్టిస్తారు. అది విన్నాక అమ్మ ఏమీ అనలేదు. ఫిబ్రవరి 15న మా సుగాలీల గురువు సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గరి సేవాగఢ్ వెళ్లేటప్పుడు మాత్రం ఆ దండ అడిగి తీసుకుని వేసుకుంది. తండావాళ్లు నలుగురూ నాలుగు మాటలన్నారు. “ఇది ఘుగ్రి కాదులే, వేరే దేశం పూసలు” అని అమ్మే వాళ్లకు జవాబు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను, చాలా గర్వంగా అనిపించింది.

కమ్మలు మాత్రం కొనొద్దు. పూసల పని బాగానే ఉంది, కొక్కీ పల్చటి రేకు. వారానికే నల్లబడింది, చెవి దురద పెట్టింది. కొక్కీలు మార్పించి మా అమ్మాయికి ఇచ్చాను.

షాపులో పట్టె చూసిన ఒక కస్టమర్ అదే డిజైన్ జాకెట్టు మెడకు కొట్టమని అడిగింది. డబ్బు కూడా బాగానే ఇస్తానంది. నేను ఒప్పుకోలేదు. మా తండాల పాత ఫేటియాలు కోసి, అద్దాల పని ముక్కలను సంచులకూ దిండు గలేబులకూ అతికించి గోవా బజార్లలో అమ్ముతారు. అది ఎవరమ్మ కట్టుకున్న లంగానో అడిగేవాళ్లుండరు. ఆ నొప్పి తెలిసి ఇంకొకరికి అదే ఎలా చేస్తాను? ఖోసా వాళ్లే తమ డిజైన్లు కొత్త బట్టల మీదకు తెచ్చుకుంటే అది వేరే సంగతి. లడుమా న్గొకోలో అనే ఖోసా డిజైనర్ పూసల నమూనాలను స్వెట్టర్ల అల్లికలోకి తెచ్చి మాఖోసా అనే బ్రాండ్ పెట్టాడు. మగపిల్లలు పెద్దవాళ్లయ్యే తంతు పూర్తిచేసుకుని కొత్త బట్టలు కట్టుకునే సమయం కోసం మొదట వాటిని తయారుచేశాడు. ఎవరికి, ఎప్పుడు అన్నది అక్కడ చెడలేదు. ఆ కస్టమర్‌కు కావాలంటే పట్టెనే తెప్పించి ఇస్తానన్నాను. ఆలోచిస్తానంది.

వాడకం గురించి నాలుగు మాటలు. పట్టె సాదా నూలు చీర మీద బాగుంటుంది. జరీ అంచు, బంగారు గొలుసు పక్కన పెడితే రెండూ చెడతాయి. కొక్కేనికి తగిలించొద్దు, దారం సాగుతుంది. గుడ్డ పరిచి పడుకోబెట్టాలి. నీళ్లలో ముంచొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. సెంటు కొట్టుకున్నాక వెంటనే వేసుకోవద్దు. కొనేటప్పుడు అదే రంగు విడి పూసలు కొన్ని అడిగి తీసుకోండి. ఎప్పుడైనా తెగితే మన మగ్గం వాళ్లే అతికించగలరు, కానీ ఆ నీలం ఇక్కడ దొరకదు. నేను గుంతకల్లు దాకా వెతికాను.

మా పెద్దమ్మాయికి ఇంకో పట్టె ఆర్డర్ పెట్టించాను. ఈసారి రంగుల కార్డు వద్దని, చేసినామె ఊరి పేరు, అలాంటి పట్టె వాళ్ల ఊళ్లో ఏ వయసువాళ్లు ఏ సందర్భంలో వేసుకుంటారో ఆమెనే అడిగి రాసి పంపమని చెప్పించాను. అలా కనుక్కోవాలంటే మనిషిని ఊళ్లోకి పంపాలి, 400 ఎక్కువ అవుతుందన్నారు. సరే అన్నాను.