ఆరేళ్లుగా న్యూరాన్ సిమ్యులేటర్‌తో

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఇన్‌స్టాల్ చేసుకున్న న్యూరాన్ సిమ్యులేటర్‌ని ఆరేళ్లయినా రోజూ తెరుస్తూనే ఉన్నాను. యేల్ యూనివర్సిటీలో మైకేల్ హైన్స్, టెడ్ కార్నెవేల్ ఏళ్ల తరబడి పెంచిన, నాడీకణాలు ఎలా పనిచేస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపే ప్రోగ్రామ్ ఇది. పూర్తిగా ఉచితం. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వస్తే చాలు, పని నడిచిపోతుంది.

నాకు ఇది ఎందుకంత ఇష్టమో ఒక్క ప్రయోగంతో చెబుతాను. సినాప్స్ (ఒక నాడీకణం మరోదానికి సంకేతం అందించే చోటు) అంటే వైరు లాంటిదని, ఎన్ని స్పైకులు (నాడీకణం పంపే చిన్న విద్యుత్ సంకేతాలు) వస్తే అంత బలంగా కణాన్ని తడుతుందని అనుకునేదాన్ని. పరిశోధకులు సోడిక్స్, మార్క్‌రమ్ 1997లో ఇచ్చిన సమీకరణాలతో అలసిపోయే సినాప్స్ ఒకటి రాసి పెట్టాను. ప్రతి స్పైక్‌కి సినాప్స్ చేతిలో ఉన్న సరుకులో (సంకేతాన్ని మోసే రసాయనంలో) సగం ఖర్చవుతుంది, అది మళ్లీ నిండటానికి 800 మిల్లీసెకన్ల కాలస్థిరాంకం (ఖాళీలో దాదాపు మూడింట రెండొంతులు నిండే సమయం). సెకనుకు 10 స్పైకులు పంపితే ఒక్కోదాని బలం మొదటి స్పైక్‌లో 21 శాతం దగ్గర నిలిచింది. 40కి పెంచగానే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరింది, కణం ఫైర్ అయింది, అంటే తనూ స్పైక్ పంపింది. నాలుగైదు స్పైకులు దాటేసరికి బలం 6 శాతానికి పడిపోయింది. పదిని 21తో, నలభైని 6తో గుణించి చూడండి: 210, 240. రేటు నాలుగు రెట్లయినా కణానికి చేరేది దాదాపు అంతే! అంటే ఈ కణానికి వినిపించేది రేటు కాదు, రేటులో వచ్చిన మార్పు. ఆ గ్రాఫ్ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత కాల్షియంతో తెరుచుకునే పొటాషియం చానల్స్ (కణం పొరలో అయాన్లు దాటే ద్వారాలు) కూడా చేర్చాను. అప్పుడు కణం తన ఫైరింగ్‌ని తనే నెమ్మదింపజేసుకుంటుంది. ఈ రెండు రకాల అలసటల్లో ఏది ఎంత పని చేస్తోందో చూడాలంటే కోడ్‌లో ఒక లైన్ తీసేస్తే చాలు. బతికున్న కణంలో అంత శుభ్రంగా విడదీయడం చాలా కష్టం.

ఒక జాగ్రత్త. ఈ ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రత మీరు మార్చకపోతే 6.3 డిగ్రీలే ఉంటుంది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్ (నాడీకణం నుంచి సంకేతాన్ని మోసుకెళ్లే పొడవాటి తీగ) మీద ఇచ్చిన సమీకరణాల ఉష్ణోగ్రత అది. ఎలుక కార్టెక్స్ (మెదడు పై పొర) మోడల్‌లో ఇది చూసుకోక రెండు వారాలు పోగొట్టుకున్నాను. అలాగని ఆ స్క్విడ్ చానల్స్‌నే 37 డిగ్రీలకు తీసుకెళ్తే సరైన స్పైక్ రాదు, క్షీరదాల చానల్స్ వేరే పెట్టుకోవాలి. పొడవైన డెండ్రైట్‌ని (కణానికి సంకేతాలు అందుకునే కొమ్మని) కూడా ప్రోగ్రామ్ ఒకే ముక్కగా తీసుకుంటుంది, ఎన్ని ముక్కలు కావాలో మనమే చెప్పాలి.

వేలాది చుక్కల్లాంటి కణాలతో నెట్‌వర్క్ కట్టేవాళ్లకి నెస్ట్, బ్రయాన్ అనే సిమ్యులేటర్లు తేలిక. ఒక్క కణం లోపలికి దిగాలనుకుంటే మాత్రం పరిశోధకుల మోడల్స్ దాచిపెట్టే ఆన్‌లైన్ భాండాగారం మోడల్‌డీబీ నుంచి ఏదైనా ఒక చిన్న మోడల్ దించుకుని, ఈ వారాంతంలోనే మొదలుపెట్టండి.