పెళ్లి పత్రికల పెన్‌డ్రైవ్ కొంటున్నారా? ముందు ‘టి’ గుర్తు చూడండన్నా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల డీటీపీ, ఫ్లెక్సీ పని చేసుకునే అన్నలకు, తమ్ముళ్లకు ఒక జాగ్రత్త. నేను 1,800 రూపాయలు పోగొట్టుకున్నాను. మీవి మిగిలితే చాలు.

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యే ముందు, పెళ్లి పత్రికల డిజైన్లు 1,500 ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాను. ‘అన్నీ పీఎస్‌డీలే (ఫోటోషాప్ ఫైళ్లే), పేర్లు మార్చుకుంటే చాలు’ అన్నాడు అమ్మినాయన. వీడియోలో వధువు పేరు మీద డబుల్ క్లిక్ చేసి మార్చి చూపించాడు కూడా. నేనూ ఇంటికొచ్చి మొదటి ఐదారు ఫైళ్లు తెరిచి చూసి, బాగున్నాయని సంచిలో వేసుకున్నాను. తప్పు నాదీ ఉంది, కాదనను. మంచివి పైన పేర్చి అమ్మడం మన గాంధీ రోడ్డులో పండ్ల బండోడికి కూడా తెలిసిన విద్యే కదా.

ఏడో ఫైలు నుంచి మొదలైంది కథ. ఫోటోషాప్ డిజైన్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలే లేయర్లు; మార్చుకోగల అక్షరాలున్న లేయర్ పక్కన ‘టి’ గుర్తు ఉంటుంది. ఇక్కడ లేయర్ పేరు ‘వరుడు’ అనే ఉంది, కానీ పక్కన ‘టి’ గుర్తు లేదు, అక్షరాల బొమ్మ ఉంది. అంటే రాస్టరైజ్ చేసేశారు. అక్షరం పిక్సెళ్లయిపోయాక చెరపగలం గానీ మార్చలేం. ఫోటోషాప్‌లో 1998లో 5.0 వెర్షన్ వచ్చేదాకా అందరి గతీ అదే, టైపు చేసిన మరుక్షణం అది బొమ్మే. ఇన్నేళ్ల తర్వాత డబ్బులిచ్చి మరీ ఆ కాలానికి పోయాను.

కొన్నింట్లో స్మార్ట్ ఆబ్జెక్ట్, అంటే ఫైలు లోపల ఇంకో ఫైలు, పెట్టారు. డబుల్ క్లిక్ చేస్తే ఇంకో ఫైలు తెరుచుకుంటుంది, లోపలా బొమ్మే. ఇంకొన్ని అక్షరాలను షేపుగా, అంటే గీతల ఆకారంగా, మార్చినవి. ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు గానీ, ‘రమేష్’ని ‘సురేష్’ చేయలేం.

నిజంగా టెక్స్ట్ లేయర్ ఉన్నవాటితో ఇంకో తంటా. అవి అను ఫాంట్లలో కొట్టినవి. అను ఫాంట్ ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీదే తెలుగు రూపాలు కూర్చినది, ఫోన్లలో, వాట్సాప్‌లో వాడే యూనికోడ్ తెలుగు కాదు. ఆ ఫాంట్ మన సిస్టంలో లేకపోతే పసుపు త్రికోణం వస్తుంది, వేరే ఫాంట్ పెడితే ‘శ్రీరస్తు’ కాస్తా అర్థంకాని ఇంగ్లీషు ముక్కలవుతుంది. ఫాంట్ ఉన్నా, కస్టమర్ వాట్సాప్‌లో పంపిన తెలుగు అందులో పేస్టు చేస్తే పనికిరాదు, మళ్లీ కొట్టుకోవాల్సిందే. ఇది మోసం అనను, కానీ అమ్మేటప్పుడు చెప్పాలి కదా.

నాకు దెబ్బ తగిలింది మాత్రం ఒక రేణిగుంట పార్టీ దగ్గర. రాత్రి 2 గంటలదాకా క్లోన్ స్టాంపుతో పాత పేర్లు చెరిపి, పైన కొత్తవి కొట్టాను. వెనక పేజీలో అడుగున చిన్నక్షరాల్లో ఉన్న పాత కల్యాణ మండపం పేరు కంటికి ఆనలేదు. 300 పత్రికలు అచ్చయ్యాక పెళ్లికూతురి మేనమామ చూశాడు. మళ్లీ అచ్చు నా జేబులోంచే.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే, ‘పీఎస్‌డీ అని చెప్పినాం, పీఎస్‌డీలే ఇచ్చినాం కదన్నా’ అన్నాడు. అక్షరాలా నిజమే! పీఎస్‌డీ అంటే లేయర్లు దాచుకునే డబ్బా అంతే, లోపల అక్షరం బతికుందో లేదో అది చెప్పదు.

అందుకే కొనేముందు ఫైళ్లు మీరే ఎంచండి, వాళ్లు తెరిచినవి కాదు. మధ్యలోది ఒకటి, చివరిది ఒకటి. మీ దగ్గర ఫోటోషాప్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లో ఫోటోపీ అనే సైటులో ఆ ఫైలు తెరిచినా టెక్స్ట్ లేయరో కాదో తెలిసిపోతుంది, ఉచితం. పేరు తీసేసి ‘జ్యోత్స్న’ అని కొట్టించండి. ఒత్తులు విడిపోయి పొల్లులు కనిపిస్తే పాత ఫోటోషాప్ సీసీ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద సౌత్ ఏషియన్ ఎంపిక పెట్టి, ఫోటోషాప్ మూసి తెరిచి చూడండి. ఏ ఫాంట్లు వాడారో రాసి ఇమ్మనండి. రామభద్ర, మల్లన్న, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లయితే గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి. బిల్లు మీద ‘టెక్స్ట్ మార్చుకోవచ్చు’ అని రాయించుకోండి. నా దగ్గర ఆ ముక్క లేకే 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, చెప్పుకోవడానికి వెనకాడుతున్నాను. వీడియో దొరికితే చేస్తాను.

పెన్‌డ్రైవ్ మాత్రం 64 జీబీది, నిజమైనదే. డిజైన్లు తీసేసి మా నాయనకు అన్నమయ్య కీర్తనలు ఎక్కించిచ్చాను.